చివరి జానెడు

పన్నెండేళ్ళ బండి.
రంగు వెండి అని కాగితంలో ఉంది.
ఎండలోకి తెస్తే కళాయి పోయిన గిన్నె.
గుణదల సందులో రేకుల షెడ్డు కింద
తనిఖీ రోజు హాస్టల్లా
ఎక్కడ చూసినా శుభ్రం, ఫినాయిలు వాసన.

ఆటోనగర్ నించి కరీముల్లాని తెచ్చుకున్నాను.
అతని మాటకి ధర ఐదొందలు, రెండు టీలు.
బానెట్ ఎత్తలేదు ముందు.
తాళం తిప్పి కళ్ళు మూసుకుని విన్నాడు,
నేను రోజూ డయాలసిస్ మిషన్ని వినేటట్టు.
తర్వాత రూపాయి బిళ్ళ తీసి
ఇంజను నెత్తి మీద నిలబెట్టాడు.
బిళ్ళ వణికింది గానీ పడలేదు.
"గుండె బావుంది మేడం."

నాక్కావలసింది పెద్దదేం కాదు.
సింగ్‌నగర్ నించి మంగళగిరి, మళ్ళీ సింగ్‌నగర్.
తొమ్మిదింటికి బెంజి సర్కిల్ దగ్గర
ఫస్టు గేరు, న్యూట్రలు, ఫస్టు గేరు, జపంలాగా.
వారధి మీద పక్కనించి లారీ పోతే జడుసుకోకూడదు.
అత్తయ్య మోకాళ్ళకి అందే సీటు కావాలి,
ఎత్తు బళ్ళంటే ఆవిడకి గుర్రం ఎక్కినట్టే.
వెనక ఇద్దరు పిల్లలు, వాళ్ళ తగవు పట్టేంత చోటు.
మే నెలలో ఏసీ.
మిగతా నెలల్లోనూ ఏసీ. ఇది బెజవాడ.

తోలి చూశాను.
క్లచ్చి కాస్త చెవుడు మనిషి,
రెండోసారి చెబితే గానీ అందుకోదు.
స్టీరింగు వదిలితే ఎడమకి లాగింది.
"అలైన్‌మెంటు. మూడొందలు," వెనక సీట్లోంచి కరీముల్లా.
ఏలూరు కాలవ గట్టు గతుకుల్లో
కిందెక్కడో టక్కుమంది.
"బుష్షులు. రెండువేలు."
అతని నోట ప్రతి జబ్బుకీ వెల ఉంది.
మా ఆస్పత్రిలో ఇంత త్వరగా ఎవరూ చెప్పరు.

అమ్మే ఆయన ఇమ్మానియేలు గారు, లెక్కల మేష్టారు.
సర్వీసు కాగితాలన్నీ దారంతో కుట్టుకున్నారు.
తొంభై ఆరు వేల కిలోమీటర్లు,
ఆయిలు మార్చిన తేదీలు ఎర్ర సిరాతో.
ఒక్క చోట మాత్రం దారం కొత్తగా ఉంది.
చూశాను. అడగలేదు.

బండి ఆపాక కరీముల్లా దిగి
ముందు తలుపు తీసి సీటు బెల్టు పట్టుకున్నాడు.
లాగాడు, లాగుతూనే ఉన్నాడు
బావిలోంచి చేద తోడినట్టు,
ఏ మనిషి పొట్టకీ అవసరం పడనంత దాకా.
చివరి జానెడు మీద
సన్నగా, అడ్డంగా
ఎండిన బురద గీత.

బుడమేరు.

షెడ్డు రేకు మీద పిల్లి నడిచిన చప్పుడు.
మేష్టారు కళ్ళజోడు తీసి తుడిచారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు.
"ఆ వారం పాయకాపురంలో మా తమ్ముడింటి దగ్గరుందమ్మా.
సీట్ల దాకానే వచ్చాయి.
మీరు అడగలేదు కదా."

కోపం రావాలి.
గొంతు దాకా వచ్చింది కూడా.
అక్కడ మా కింది వాటా గోడ అడ్డం పడింది.
నడుమెత్తున ఇదే గీత,
దాని మీద నేను దగ్గరుండి వేయించిన
రెండు పూతల పిస్తా పచ్చ.
డిసెంబరులో అడ్వాన్సు చేతిలో పెడుతూ నాగరత్నం
గోడ మీద అరచెయ్యి ఆనించి చూసింది.
ఆవిడ అడిగింది.
"చెమ్మ కాదమ్మా, కొత్త రంగు," అన్నాను.

"వద్దు మేడం. నీళ్ళు తాగిన బండి
వైర్ల లోపల కుళ్ళుద్ది. రెండేళ్ళకి బయటపడుద్ది."
"ముప్పై వేలు తగ్గిస్తాను," మేష్టారు.
కరీముల్లా బెల్టు వదిలాడు.
అది కొంచెం వెళ్ళి ఆగింది, మళ్ళీ కొంచెం వెళ్ళింది.

ధర మాట్లాడాల్సిన చోట
నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.
"వానాకాలం వాసనొస్తుందా?"

"వస్తుందమ్మా," అన్నారాయన.

అంత తేలిగ్గా అనెయ్యొచ్చని
నాకు ఇప్పటిదాకా తెలీదు.