ఒక కాలు బయట

షువైఖ్‌లో చేపల కోల్డ్ స్టోరేజీ సర్వరుకు
బొమ్మ లేదు, బటన్ లేదు.
నల్లటి తెర. దాని మీద రెప్ప వేస్తున్న ఒక గీత.
ఏం కావాలో చెప్పు, అంటుంది.
ఒక్క చుక్క తప్పినా విననట్టే ఉంటుంది.

ఫర్వానియాలో నాలుగో అంతస్తు, పైమంచం,
మోకాళ్ళ మీద ల్యాప్‌టాప్. కింద సెల్వన్ గురక.
గురువారం రాత్రి ఒకటిన్నర.

పని చిన్నదే. అడ్మిన్ పానెల్ ఒకటి ఎక్కించాలి,
పగటి షిఫ్టు వాళ్ళు మీటలు నొక్కి
చలి గదుల లెక్క చూసుకునేలా.
ప్యాకేజీ దిగింది. దాని వెనకే
పెళ్ళికి ఒకణ్ణి పిలిస్తే పదకొండు మంది దిగినట్టు
దానికి కావలసినవన్నీ దిగాయి.
సర్వీసు లేపాను. పడుకుంది.
మళ్ళీ లేపాను. లాగ్ ఫైలు చివర రాసి ఉంది
దీని తలుపు ఇంకెవరో పట్టుకున్నారని.
పాత ప్రాసెస్ ఒకటి. మూడేళ్ళ కింద
పని మానేసి పోయినవాడు వదిలేసింది.
ఇంకా డ్యూటీలోనే ఉంది.
చంపమని రాయబోతూ వేలు ఒక్క క్షణం ఆగింది.
చంపాను.

సర్టిఫికెట్టు తన సంతకం తానే పెట్టుకుంది.
బ్రౌజరు ఎర్రబడింది, నమ్మనంది.
నవ్వొచ్చింది. నా డిగ్రీ కాగితం
హైదరాబాదులో ఒక ముద్ర, ఢిల్లీలో రెండు, ఇక్కడ ఇంకొకటి
వేయించుకుంటే గానీ నన్నెవరూ నమ్మలేదు.

అన్నీ చేయగల ఆ పేరును రూట్ అంటారు.
మా భాషలో వేరు.
వేరు అంటే వేరుగా ఉండటం కూడా.
సివిల్ ఐడీ మీద ఉన్నది నా కఫీల్ పేరు.
ఈ యంత్రంలో మాత్రం నాకు తెరుచుకోని ఫైలు లేదు.

అప్పుడు ఫైర్‌వాల్.
అన్ని తలుపులూ మూసెయ్, అని రాశాను.
పదివేల నంబరు ఒక్కటి తెరువు, అని రాశాను.
పదివేలలో ఒక సున్నా జారిపోయింది.
నేను నిలబడి ఉన్న ఇరవైరెండో తలుపు గుర్తే లేదు.
ఎంటర్.

గీత ఆగిపోయింది. రెప్ప వేయలేదు.

టాక్సీ అద్దాల మీద ఉప్పుగాలి చెమట.
గేటు దగ్గర కుర్చీలో హుసేనప్ప,
లక్కిరెడ్డిపల్లె మనిషి, పంతొమ్మిదేళ్ళ నుంచి ఈ కుర్చీ.
'ఏం సామీ, ఈ యాళప్పుడు?'
ఐపీలు, పోర్టులు, నియమాలు, చాలాసేపు చెప్పాను.
'అంటే బీగంచెవి లోపలే పెట్టి వాకిలేసుకున్న్యావు.'
అంతే.
'కోల్డ్ రూములోకి పొయ్యేటప్పుడు నేను తలుపు సందున చెప్పు పెడతా.
గడియ సంగతి తెలిసేదాకా
ఒక కాలు బయట ఉండల్ల.'

లోపల చలి. అరబ్బీ అక్షరాల కీబోర్డు, వేలంత మందం దుమ్ము.
హుసేనప్ప టార్చి పట్టాడు, రెండో చేత్తో కరక్ చాయ్.
ఈసారి ముందే ఒక మాట రాసిపెట్టాను:
ఐదు నిమిషాల్లో నేను పలకకపోతే
పెట్టిన నియమాలన్నీ చెరిపెయ్.
ఆ తర్వాతే ఒక్కో తలుపూ మూశాను,
ఇరవైరెండు తెరిచి, సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టి.
ల్యాప్‌టాప్ లోపలికి వచ్చింది.
పానెల్ పచ్చగా లేచింది.
హుసేనప్ప తెర వైపు చూసి
'ఇంతేనా?' అన్నాడు.

పోయే ముందు కాన్ఫిగ్ ఫైలులో ఒక వరుస చేర్చాను,
యంత్రం చదవకుండా దాటిపోయే వరుస:
తలుపు మూసే ముందు ఒక కాలు బయట. హుసేనప్ప మాట.
సర్వరు గది పాత తెరకు తెలుగు రాదు.
అక్కడ చూస్తే వరుస పొడుగునా ప్రశ్నార్థకాలే.
అలాగే సేవ్ చేశాను.