ఐదో ముడి

తేజ కాయలకు ముచ్చికలు తీసే చేతులివి.
ఈ వేళ్ళతో ఫోను ముట్టుకుంటే
రాత్రికి ఎవరి కంట్లోనో పడుతుంది కారం.
అందుకే నా కొంగే నాకు డైరీ.

దీనమ్మకి చీటీ డబ్బులు, పెద్ద ముడి.
చిన్నోడి టీసీ, జంట ముడి.
గ్యాసు బండ చెప్పాలి, చివర్న చిన్నది.
ఏటుకూరు రోడ్డు మలుపులో ఒకటి విప్పుతాను,
లాలాపేట దాటాక ఇంకోటి.

"వల భుజానేసుకొచ్చావే!" అని నవ్వుతుంది మస్తాన్‌బీ.
తనేమో పనికొక గాజు తీసి ఎడంచేతికి వేస్తుంది.
శనివారం వచ్చేసరికి
కుడిచెయ్యి బోడి,
ఎడంచెయ్యి గలగల.

రాత్రి చూస్తే ఒక ముడి మిగిలింది.
ఐదోది.
ఎందుకేశానో!
అత్తకి బీపీ మాత్ర ఇచ్చాను,
మోటారు కట్టేశాను, గడియ చూశాను,
మళ్ళీ వెళ్ళి పాలగిన్నె మూత చూశాను.
గోరు దిగలేదు, పళ్ళతో లాగాను.
నాలుక చుర్రుమంది.
మడతలో మిరప గింజ.

మర్చిపోయినంత మాత్రాన
పని చల్లారదు కాబోలు.

చీర ఉతకలేదు, అలాగే దండెం మీద వేశాను.
వేసేటప్పుడు పక్కనే ఉందిగా,
పొద్దున్నే మస్తాన్‌బీని అడగాలి.
అడగడం మర్చిపోతానేమోనని
దాని పక్కనే ఇంకొకటి వేశాను.