అగ్గిగీత

తుక్కుగూడ దాటినంక శ్రీశైలం రోడ్డు
రెండు పక్కల అడవిని పెట్టుకొని పోతది.
మాఘం ఎల్లిందంటే చాలు
బోదగడ్డి నడుమెత్తు నిలబడి
పాత కాగితాల లెక్క చప్పుడు చేస్తది.
వట్టి గడ్డే గదా అంటరు కార్లల్ల పోయేటోళ్లు.
వట్టిది కాబట్టే గదా సారూ, భయం.

మేం ఏడుగురం. అందరి ముందు మొగులమ్మ,
నడుమ నేను, చివరన తండా నుంచి జంలీ.
తారు అంచు కాడికెల్లి మూడు మీటర్లన్నడు సెక్షన్ సారు.
మొగులమ్మకు మీటరు తెల్వది.
మోపు కట్టే పాత చీరను నేల మీద పరిచి
సగానికి మడిచి, దాని మీద ఒక మూర కలిపింది.
సారు టేపు పెట్టి చూసిండు.
జానెడు ఎక్కువే వచ్చింది.

నిరుడు ఇదే మలుపు కాడ
ఎవరో ఇసిరిన సిగరెట్టు ముక్క
పగటీలి రెండింటికి దిగింది.
మూడింటికల్లా గుట్టెక్కింది.
పచ్చి వేపమండలతోని కొట్టినం.
కొట్టిన కాడ ఆరింది, కొట్టని కాడ లేచింది.
తెల్లారి బూడిదల ఒక తాబేలు డొప్ప.
జంలీ మేకలు రెండు
ఆ గుట్ట మీదికెల్లి దిగి రాలేదు.
అందుకే ఆమె కొడవలి మాకంటె కిందికి కోస్తది,
మట్టి తెగేదాక.

బోద మొదలంట కోయాలె.
లంటానాను వేళ్లతోటి పీకాలె.
వయ్యారిభామను ముట్టాలంటే ముక్కుకు గుడ్డ కట్టాలె.
సర్కారు తుమ్మకు మనిషెత్తు దాక కొమ్మలు కొట్టాలె,
మంటకు నిచ్చెన దొరకకుండ.
తంగేడు కాడికొచ్చేసరికి
మొగులమ్మ చెయ్యి ఆగింది.
"దీనికి చుట్టూత గీకుండ్రి" అన్నది.
సారు చూసిండు.
టేపు మడిచి జేబుల పెట్టుకొని
ఫోను మాట్లాడుకుంట ముందుకు పోయిండు.

కోసుడు సగం పనే.
కోసిన గడ్డిని ఆడనే ఇడిస్తే
మంటకు చాప పరిచి రమ్మన్నట్టు.
మొయిజుద్దీన్ ట్రాక్టరు రావాలె.
డీజిల్ బిల్లు ఎవరి బల్ల మీదనో ఉన్నదంట.
ఒకరోజు రాలే. రెండోరోజు రాలే.
మూడోనాడు గాలి లేచింది.
మొగులమ్మ ఎవరినీ ఏమనలే.
చీర పరిచింది, మోపు కట్టింది,
నెత్తికెత్తుకొని
కల్వర్టు అవతల ఏమీ మొలవని పరుపుబండ దాక నడిచింది.
ఎనుక మేము.
మోపుల పైకెల్లి విమానాలు
శంషాబాద్ దిక్కు దిగుతున్నయి.
ఎన్ని తిప్పలు నడిచినమో లెక్కపెట్టలే.
లెక్క మొదలుపెడితే మెడకు నొప్పి తెలుస్తది.

ఇప్పుడు తారుకూ అడవికీ నడుమ
వట్టి ఎర్రమట్టి,
సగం చీర మీద మూరెడు వెడల్పు.

వారానికి మస్టర్ రాసేటాయన వచ్చిండు.
"ఫోటో తీస్తే మట్టే కనబడుతున్నది.
పని అయినట్టు పైన ఏం చూపెట్టాలె?"
మొగులమ్మ నడుముల నుంచి
తంబాకు డబ్బా తీసి మూత ఇప్పింది.
పొద్దుగాల్ల పొద్దుగాల్ల ఏరినవి:
సిగరెట్టు ముక్కలు, బీడీలు,
సగం కాలిన ఊదుబత్తి ఒకటి,
ఏ లారీ దేవునిదో.
మొత్తం పంతొమ్మిది.
ఒక్కొక్కటి పడ్డ కాడనే
మట్టిల నల్లగ సల్లారినయి.

ఆయన వేలుతోటి కదిపి చూసిండు.
"ఫారంల వీటికి కాలం లేదమ్మా" అన్నడు.

ఆమె మూత పెట్టి డబ్బా దోపుకున్నది.
"రేపు కందుకూరు దిక్కా, కడ్తాల్ దిక్కా?
ఎటైనా సరే గని, కొడవండ్లు మొండివడ్డయి.
కక్కు కొట్టియ్యాలె, ఒక్కోదానికి అరవై.
గదన్న రాస్తవా?"