నువ్వుగింజంత

ఇల్దెబెర్తు కొట్లో గాజుబల్ల మీద
రెండూ పక్కపక్కన పెట్టాడు.
ఒకటి జేబులో పట్టేంత,
మీట నొక్కితే ముక్కు సాగుతూ సాగుతూ
బల్ల అంచు దాకా వచ్చేది.
రెండోది బరువు. మెడకు తగిలించుకుంటే
దొంగగొడ్డుకు కట్టే గుదిబండ గుర్తొచ్చింది.
ధరలు ఇంచుమించు ఒకటే.
నా దగ్గరున్నదీ అంతే,
పడవ మీద రెండు చలికాలాలు టికెట్లు చింపిన డబ్బు.

"దేనికి?" అన్నాడు.
"తిమింగలానికి," అన్నాను.
నవ్వలేదు. ఓర్తాలో అందుకు ఎవరూ నవ్వరు.
వాళ్ల తాత బల్లెం విసిరినవాడు,
మా తాత కొండకొమ్మున కూర్చుని
నీటి మీద ఊపిరి కనిపెట్టి తారాజువ్వ వదిలినవాడు.
ఇప్పుడు బల్లేల్లేవు.
తోక అంచున చిరుగులు చూసి
ఫలానాదని పేరు పెట్టుకుంటారు.
నాకూ ఒకదానికి పేరు పెట్టాలని.

చిన్నదాన్ని పట్టుకుని గుమ్మం దాటాను.
జలసంధికి అవతల పీకో కొండ
ఎప్పట్లాగే నీలంగా, నూనె రాసినట్టు.
మీట నొక్కాను.
కొండ నా మీదికి నడిచొచ్చింది.
దూరపు కొండలు నునుపంటారే,
ఆ మాటకు ఆ పూటతో నూకలు చెల్లాయి.
అట్లు మాడిన పెనంలాంటి నల్లరాయి,
గాట్లు, గుంటలు.
ఇంకాస్త నొక్కితే మదలేనా రేవు,
ఇంకాస్తకి మా వీధి,
పక్కింటి ఎదుయీను పెరటి గోడ మీద
డబ్బాలోంచి చేప తింటున్నాడు, ఒక్కడే.
తిని, చేతులు తుడుచుకుని,
ఎదురుగా ఎవరో ఉన్నట్టు ఏదో అన్నాడు.

రోజూ నా పడవెక్కి జోకులేసే మనిషి.
అంత నీటి మీదుగా
అతని పెదాలు చూస్తున్నాను.
అతనికి తెలియదు.
చప్పున దించేశాను,
తలుపు సందులోంచి చూస్తూ దొరికిపోయినదానిలా.

ఇల్దెబెర్తు లెక్కలు చెప్పాడు.
దీని లోపలి కన్ను చిటికెనవేలి గోరంతేనట,
పొద్దు వాలితే బొమ్మ నిండా ఇసుకేనట.
దాని కన్ను తపాలాబిళ్లంత,
మసకలోనూ వెలుతురుని జుర్రుకుంటుంది
కానీ చెయ్యి చాచదు.
"చాచే గాజు కావాలంటే…"
కాగితం మీద అంకె వేసి నావైపు తిప్పాడు.
ఆ అంకెకి ఒక ఆవు వస్తుంది, దూడతో సహా.

అయినా పెద్దదాన్ని కంటికి ఆనించాను.
లోపల తెర లేదు.
అద్దం ఒకటి ఏటవాలుగా నిలబడి
సముద్రాన్ని సముద్రంగానే కంట్లో పోస్తోంది.
కొండ తన దూరానికి తను వెళ్లిపోయి
మళ్లీ నున్నగా కూర్చుంది.
ఎదుయీను కనిపించడు. బతికిపోయాడు.
టప్ మంది, తలుపు వేసినట్టు.

"ఇది కట్టు."
"మరి తిమింగలం?"
"అదే వస్తుందిలే."

వచ్చింది, పదమూడో రోజు.
ఆఖరి ట్రిప్పు. గిన్నె అడుగున మిగిలిన
పాలంత వెలుతురు.
ఎడమవైపు ఊపిరి లేచింది, వెనకే తోక.
టికెట్ల సంచీ కాళ్ల దగ్గర పడేసి
టప్. టప్.
"పడిందా?" పక్కన ఎదుయీను.

చూపించాను.
నీలాలన్నీ పడ్డాయి, పేరున్నవీ లేనివీ,
కొండనీడ నీళ్లలోకి జారేచోటి ఊదా కూడా.
మధ్యలో నువ్వుగింజంత నలుపు.
అతను ముఖం దగ్గరగా పెట్టి వెతికాడు,
నోటి ఉల్లిపాయ వాసన తగిలేంత దగ్గరగా.
"ఏదీ?"
వేలుతో చూపించాను.
"ఈగరెట్టేమో."
"తోక," అన్నాను.
ఇద్దరం మరోసారి వంగాం.