జెల్ల ముల్లు

సిరొంచల మా బడెనుక మైదానం
సగం మొరం, సగం పల్లేరు కాయలు.
చాందా నుంచి బదిలీ మీద వచ్చిన వాకడే సారు
గోనెసంచిలకెల్లి ఆరు గ్లోవులు, రెండు బ్యాట్లు కుప్పపోసి
"ఇది బేస్‌బాల్" అన్నడు.
క్రికెటే అనుకున్నం. కాదు.
దీంట్ల బాల్ నేలను ముట్టదు,
రొమ్మెత్తున సూటిగ వస్తది,
ఆలోచించేటంత జాగ ఇయ్యదు.

నేను కొడితే టప్ మనేది,
నానిన డప్పు మీద ఏలు పెట్టినట్టు.
దొర్లి దొర్లి సారు కాళ్ళకాడ ఆగేది.
చేతులల్ల బలం లేదనుకొని
బోరింగుకాడ రోజు రెండు బిందెలు ఎక్కువ మోసిన.
భుజాలు రాయైనయి.
బాల్ మాత్రం గంతే దూరం.
"కంబర్ ఫిరవ్, పోసుబాయీ, కంబర్!"
సారు గొంతు పోయేదాక ఒర్లుతడు.
నడుము తిప్పమన్నడని
పెండ్లి బరాత్‌ల పోరగాండ్ల లెక్క తిప్పిన.
పోరీలు కింద పడి నవ్విన్రు.

ఆ ఎండకాలమే
నాయిన కుడి మడమల జెల్ల ముల్లు ఇరిగింది.
చీము పట్టింది. పసుపు, సున్నం పెట్టి గుడ్డ సుట్టిండు.
కూసుంటే ఎల్లది గద,
కుంటుకుంట ప్రాణహితకు పోయిండు,
బుట్ట పట్టుకొని నేనెనుక.

ఆయన వల ఇసిరితే ఎప్పుడైన
నీళ్ళ మీద పెద్ద తాంబాళం పరిచినట్టు ఇచ్చుకుంటది.
ఆ దినం మూట లెక్క పడ్డది.
గుండ్లన్ని ఒక్కకాడ, బుడుంగు.
గుంజి, దులిపి, మల్ల ఏసిండు. మల్ల మూటే.
చేతులు అవే. భుజం అదే.
పండ్ల నడుమ కరుచుకున్న వలంచు అదే.
పోయింది మడమొక్కటే.

అప్పుడే నాకంత తెలిసిందని అబద్దం చెప్ప.
అప్పుడైతే కూర లేదని ఏడ్పొచ్చింది.

పదిహేనొద్దులకు పుండు మానింది.
వల మల్ల గుండ్రంగ పడ్డ పొద్దు
నాయిన నిలబడ్డ తడి ఇసుకను చూసిన.
ఎడమ పాదం లోతుగ, గుంజ పాతినట్టు.
కుడిది పాదమే కాదు:
బొటనేలు కింద ఒక గుంత,
దాని పక్కపొంటి మడమ గీసిన సగం చందమామ.

మర్నాడు మైదానంల నా గుర్తులు చూసుకున్న.
రెండు పాదాలు, పక్కపక్కన, సక్కగ,
ఆలాపల్లి బస్సు కోసం నిలబడ్డట్టు.

"నాయినా, వల యాడికెల్లి ఇసురుతవ్?"
"చేతులకెల్లి. ఇంకెక్కడికెల్లి?"
నేనేమనలే.
ఇసుక ఇంకో మాట చెప్పింది.

ఆయన గుర్తులల్ల నా పాదాలు పెట్టి
ఉత్త చేతులతోని ఎన్నిసార్లు తిరిగిన్నో.
బరువంత ఎనుక కాలు మీద మోపాలె.
ముందు కాలు మెల్లగ పోయి
తలుపు గడియ లెక్క బిగుసుకోవాలె.
అప్పుడు తుంటి తిరుగుతది.
రొమ్ముకింక కబురందదు,
ఎనుకనే ఉంటది.
ఆ నడుమ సందుల పెయ్యంత
తడి చీర పిండినట్టు మెలివడ్తది.
చేతులా?
పిలువకున్న వచ్చే సుట్టాలు,
ఆఖరుకు అవే వస్తయి.

బేస్తారం నాడు తాకింది.
చప్పుడు బ్యాట్ల కాదు, పిక్కల ఇనవడ్డది.
బాల్ గోడ దాటి
ఫారెస్టోల్ల డిపోల టేకు దుంగల నడుమ పడ్డది.
సారు చప్పట్లు కొట్టబోయి ఆగిండు,
"ఉన్నయే మూడు బాళ్ళు" అన్నడు.
చీకటి పడేదాక దేవులాడినం. దొరకలే.

ఇంటికొచ్చేసరికి కుడి కాలు మంట.
నాయిన బుడ్డి దగ్గరికి జరిపి
వల కుట్టే సూదితోని పల్లేరు ముల్లు తీసిండు.
"తొక్కితే ఇంత లోతు దిగదే బిడ్డ,
తిరిగితే దిగుతది" అన్నడు.
బొటనేలు కింద కాయ కాస్తున్నకాడ
రెండుసార్లు నొక్కి చూసిండు.
ఏమనుకున్నడో,
నా కాలు పక్కకు పెట్టి
తన పాదం ఎల్లకిల తిప్పి
బుడ్డి ఎలుగుకు పట్టిండు.