మూడో కిటికీ

పదిన్నరకి వచ్చింది వర్నా స్లోన్.
మంచు కరిగి బూట్ల కింద బురదైపోయిన ఫిబ్రవరి.
షెరీఫు ఆఫీసు నేలమాళిగలో మూడో కిటికీ,
అద్దానికి ఇవతల నేను,
ఇరవై రెండేళ్లుగా.

నా కిటికీకి వచ్చేవాళ్లు నడకని బట్టే తెలిసిపోతారు.
ఇల్లు అద్దెకిచ్చేవాడు గడియారం చూసుకుంటూ వస్తాడు.
పెళ్లి కుదిరిన పిల్ల వెనక్కి చూసుకుంటూ వస్తుంది.
ఎన్నికల ముందు వచ్చేవాడు నవ్వుతూ వస్తాడు,
వాడికి కావలసింది ఎప్పుడూ ఇంకొకడి పేరే.
ఈవిడ మాత్రం కోటు బొత్తాలన్నీ మెడదాకా పెట్టుకుని
ఆదివారం చర్చికి వచ్చినట్టు వచ్చింది.

"మా తమ్ముడు. డెల్మర్. మా పుట్టింటి పేరు టాకెట్.
డెబ్బై నాలుగు, అక్టోబరు.
ఎవరైనా అడగొచ్చని మా మనవరాలు చెప్పింది."
అడగొచ్చు. ఈ కౌంటీలో ఎవరు ఎవరి అరెస్టు కాగితమైనా అడగొచ్చు.
ఎందుకని మాత్రం నేను అడగకూడదు.
పేజీకి పావు డాలరు.

అంత పాతవి కంప్యూటర్లో లేవు.
వెనక గదిలో, ఇనప సొరుగుల్లో,
నది రెండుసార్లు వచ్చి చదివి వెళ్లిన కాగితాలు.
ఆ సొరుగు మొరాయించింది. మోకాలితో పొడిస్తే గాని రాలేదు.

టాకెట్, డెల్మర్ రే. వయసు పంతొమ్మిది.
ఎత్తు అయిదడుగుల ఏడు. కళ్లు గోధుమరంగు.
పని: బొగ్గు గని.
ఆరోపణ: గని గేటు దగ్గర దారికి అడ్డంగా కూర్చోవడం,
లెమ్మంటే లేవకపోవడం.
జేబులో దొరికినవి: దువ్వెన, డాలరూ పది సెంట్లు,
సగం తిన్న యాపిల్.
(యాపిల్ కూడా రాశాడు, ఎవరో డిప్యూటీ. గుండ్రటి దస్తూరి.)
తీర్పు అన్న గడి ఖాళీ.

అందరికీ చెప్పేదే ఆవిడకీ చెప్పాను:
అమ్మా, పట్టుకున్నారని మాత్రమే ఇది చెబుతుంది.
వదిలారో లేదో చెప్పాల్సింది రోడ్డవతల కోర్టు,
వాళ్ల కాగితాలు వరదలో పోయాయి.
అంటే మా కౌంటీ లెక్క ప్రకారం
డెల్మర్ ఇప్పటికీ ఆ గేటు దగ్గరే కూర్చుని ఉన్నాడు.

ఆవిడ నవ్వింది. "వాడి పద్ధతే అంత."
తర్వాత అద్దానికి దగ్గరగా వంగింది.
"ఏం చేశాడో నాకు తెలుసమ్మా, ఆ రోజు నేనూ పక్కనే కూర్చున్నాను.
ఒళ్లో చంటిపిల్ల ఉందని నన్ను వదిలేశారు.
నాకు కావలసింది ఆ వెనకున్న కార్డు, వేలిముద్రలది.
మరుసటి వేసవిలో గని కప్పు కూలింది.
మనిషిని పైకి తేలేకపోయారు.
ఫొటో ఒకటుండేది,
మా అమ్మ తన శవపేటికలో పెట్టించుకుని పోయింది."

వేలిముద్రలు బహిరంగ పత్రం కాదు.
నిబంధన నా వెనక గోడ మీదే ఉంది, అంటించింది నేనే.
దారిన పోయే ఎవడైనా పావు డాలరిచ్చి
ఆ కుర్రాడి మీద మోపిన నేరం పట్టుకుపోవచ్చు,
యాపిల్‌తో సహా.
వాడి చెయ్యి మాత్రం సొంత అక్కకి ఇవ్వకూడదు.

ఫైలు అద్దం కింది సందు దగ్గర తెరిచి పెట్టి,
స్టేప్లర్ తెస్తానని వెనక గదిలోకి వెళ్లాను.
స్టేప్లర్ నా చేతిలోనే ఉంది.
సొరుగుల మీద చీటీలు చదువుతూ నిలబడ్డాను,
చదివినవే మళ్లీ.

వచ్చేసరికి ఆవిడ చెయ్యి సందులోంచి లోపలికి, మోచేతి దాకా,
బొటనవేలి మీద బొటనవేలు.
ఏడవడం లేదు.
జ్వరం వచ్చినవాడి నాడి చూస్తున్నట్టుంది.

రెండు పది సెంట్ల బిళ్లలు, ఒక అయిదు.
ఒక పేజీ మడిచి చేతిసంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.
రిజిస్టర్లో రాశాను: అడిగినవారు వి. స్లోన్,
ఇచ్చినది ఒక పేజీ, రుసుము అందినది.

ఫైలు మూయబోతూ చూశాను,
కార్డు అంచున పదకొండో వేలిముద్ర,
మంచు తడిది.
ఆరేదాకా సొరుగు మూయలేదు.