పదకొండు, పన్నెండు

నాకు మొహాలు తెలియవు.
వెదురు తెర జానెడు లేస్తుంది,
ఆ సందులో నాకు దక్కేవి చేతులే.
హకాతా స్టేషన్ వెనక, మెట్లు దిగిన నేలమాళిగలో
రాత్రి పది నుంచి తెల్లారి ఆరుదాకా
తొమ్మిదేళ్ళుగా
చేతులకే వంగి నమస్కారం పెడుతున్నాను.

మనిషికో చెక్క గది.
గదంటే గదీ కాదు, పరీక్షరోజు
బల్లకి అటూ ఇటూ అట్టలు నిలబెట్టినట్టుంటుంది.
మోచేతులు ఆనితే నిండిపోతుంది.
ఎదురుగా ఒక కుళాయి, ఒక గ్లాసు, నేను.
నేనంటే ఏప్రన్ ముడి మాత్రమే.

నోరు విప్పి అడగక్కర్లేదు.
కాగితం మీద సున్నాలు చుడితే సరి:
సూప్ ఎంత చిక్కగా, నూడుల్స్ ఎంత గట్టిగా,
వెల్లుల్లి ఎంత, ఎర్ర కారం ఎన్ని పాళ్ళు.
ఒకాయన ప్రతి శనివారం
"వెల్లుల్లి వద్దు" చుట్టి, కొట్టేసి, "రెండింతలు" చుడతాడు.
ఎవరికోసమో మానేద్దామనుకుని
ఎవరూ లేరని అప్పుడే గుర్తొచ్చినట్టు.

ఉంగరం తీసి గ్లాసు పక్కన పెట్టి తిని
మళ్ళీ తొడుక్కోకుండా వెళ్ళిన వేలొకటి.
ఆ ఉంగరం ఇంకా మా సొరుగులోనే ఉంది,
తేదీ రాసిన చీటీతో.
ఏడుస్తూ తినేవాళ్ళని చెవితో పోల్చుకుంటాను,
జుర్రుతున్న చప్పుడు మధ్యలో ఆగుతుంది.
అప్పుడు తెర ఎత్తకూడదని
మేనేజర్ కురామోచి చెప్పలేదు,
నేనే నేర్చుకున్నాను.

ఇవాళ బయట వాన,
మంచవుదామా వద్దా అని తేల్చుకోలేని ఫిబ్రవరి వాన.
పదకొండులో ఒక చేయి.
అరవై దాటి ఉంటుంది.
చిటికెన వేలు చివరి కణుపు దగ్గర లోపలికి వంగి ఉంది.
ఉడికిన గుడ్డుని బల్లకేసి కాదు,
మణికట్టు ఎముకకేసి కొట్టి వొలిచింది.
కాగితం అంచున పెన్సిలు రాత:
"మాంసం ముక్క అడుగున పెట్టండి. పైన వద్దు."

తొమ్మిదేళ్ళలో ఎవరూ అలా అడగలేదు.
పావుగంటకి మళ్ళీ వచ్చింది, పన్నెండులోంచి,
అదే మాట, వేరే దస్తూరీ.
అదే వంపు చిటికెన వేలు, కాస్త చిన్న వయసుది.
గుడ్డు మణికట్టు మీదే పగిలింది.

మధ్యలో వేలెడు మందం చెక్క. కీలుంది, మడవొచ్చు.
స్నేహితులు వస్తే మడుచుకుంటారు.

నాకెందుకో ఒక వంటిల్లు కనబడింది.
ఒక తల్లి ఒక్కో గిన్నెలో, నూడుల్స్ కింద,
ఒక్కో ముక్క దాచి
"నీకే వేశాను, దానికి చెప్పకు" అంటోంది,
ఇద్దరితోనూ, విడివిడిగా.
నా ఊహ అయ్యుండొచ్చు.
చేతులు చూసి కతలల్లడం
ఈ ఉద్యోగానికి పట్టే తెగులు.

రెండు గిన్నెలూ ఒకేసారి పెట్టాను.
"నిదానంగా తినండి" అన్నాను, అంతవరకే నాకు అనుమతి.
పన్నెండులోంచి గొంతు:
"ఇంకొంచెం ఉప్పు."

రెండే మాటలు.
పదకొండులో జుర్రుతున్న చప్పుడు ఆగింది.

ఉప్పు పొట్లం అందిస్తూ వారగా చూశాను.
పదకొండులో చేయి చాప్‌స్టిక్స్ కింద పెట్టింది,
ఆవిరి తడితోనే
పక్క చెక్క మీద వాలింది, ఐదువేళ్ళూ విప్పుకుని.
కీలు వైపు కదల్లేదు.
తట్టలేదు.
నేను తెర దించేశాను.

పన్నెండు ముందు లేచింది, స్టూలు కిర్రుమంది.
తరవాత పదకొండు.
మధ్య ఎంతసేపంటే
గొడుగుల గుత్తిలో తన గొడుగు వెతుక్కునేంత.
గుమ్మం నాకు కనబడదు.

పన్నెండు గిన్నె అడుగుదాకా ఖాళీ.
పదకొండులో సూప్ చల్లారి, అట్ట కట్టి,
కెలికితే అడుగున ముక్క అలాగే ఉంది.

మేజాగుడ్డ పిండుకుని వెళ్ళాను.
చెక్కకి ఒకవైపు ఐదువేళ్ళ తడి
ఇంకా ఆరలేదు.
ముందు పొడిగా ఉన్న వైపు తుడిచాను.